హెచ్చరిక మోగితే చాలునా? చెరువు కాపలాకు క్లౌడ్ అలారం ఏర్పాటు



రొయ్యల సాగు చేసే మీకు తెల్లవారుజామున 3 నుండి 5 గంటల మధ్య కాలం ఎంత క్లిష్టమైనదో వేరుగా చెప్పనవసరం లేదు. మూడు నాలుగు నెలల శ్రమ, సీడుకూ మేతకూ కరెంటుకూ పెట్టిన పెట్టుబడి, బ్యాంకు నుండి తెచ్చిన అప్పు, ఇవన్నీ ఒక్కొక్కసారి ఆ రెండు గంటల మీద ఆధారపడి ఉంటాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గినదని తెలిసేసరికి తెల్లవారిపోతే ఇక చేయగలిగినది చాలా తక్కువ.

ఈ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే పరికరాలు నేడు విపణిలో లభిస్తున్నవి. చెరువులో ఉంచిన ప్రోబు ప్రాణవాయువును కొలుస్తుంది. గట్టు మీది పెట్టె ఆ అంకెను సిమ్ కార్డు ద్వారా క్లౌడ్‌కు పంపుతుంది. అంకె హద్దు దాటితే మీ సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే ఈ క్రింది సందర్భాన్ని ఒక్కసారి ఊహించండి.

ఒక రైతు బంధువుల ఇంట పెండ్లికి పొరుగూరు వెళ్ళినాడు. రాత్రి 3 గంటల 10 నిమిషాలకు ప్రాణవాయువు 3.4కు పడిపోయినదని ఫోనుకు సందేశం వచ్చింది. ఫోను శబ్దం రాకుండా పెట్టి, ఛార్జింగులో ఉన్నది. రైతు ఆ సందేశాన్ని 6 గంటలకు చూచినాడు. ప్రోబు సరిగానే కొలిచింది, క్లౌడ్ సరిగానే లెక్కించింది, సందేశం సకాలంలోనే చేరింది. అయినా ఏరేటరు మాత్రం తిరగలేదు. ఇందులో ఏ పరికరమూ చెడలేదు. లోపమంతా ఒక్కచోటనే ఉన్నది. అలారం మోగిన తరువాత ఏమి జరగవలెనో ఎవరూ ముందుగా నిర్ణయించలేదు.

అలారం కొనడం వేరు, అలారానికి పని అప్పగించడం వేరు. మొదటిది డబ్బుతో అయ్యే పని. రెండవది ఆలోచనతో అయ్యే పని. ఆ రెండవ పనిని మీ అంతట మీరు చేసుకొనేందుకు, పరికరం అమ్మే డీలరును సరియైన ప్రశ్నలు అడిగేందుకు ఈ వ్యాసం తోడ్పడగలదని మా ఆశ.

రాత్రివేళ చెరువులో జరిగేది

పగటిపూట నీటిలోని ప్లాంక్టన్ సూర్యరశ్మి సహాయంతో ప్రాణవాయువును తయారు చేస్తుంది. సూర్యాస్తమయంతో ఆ తయారీ నిలిచిపోతుంది. కాని ఖర్చు నిలవదు. రొయ్యలు, ప్లాంక్టన్, అడుగున పేరుకొన్న మేత అవశేషాలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు, ఇవన్నీ రాత్రంతా ప్రాణవాయువును వాడుకొంటూనే ఉంటాయి. కావున సూర్యోదయానికి కొంచెం ముందు నిల్వ అత్యల్ప స్థాయికి చేరుతుంది. పగలు మబ్బు పట్టి ఉన్నప్పుడు, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చినప్పుడు ఈ కొరత మరింత ముందుగానే వస్తుంది.

వేడి మరొక కారణం. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మంచినీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5కు తగ్గుతుంది. నీటిలో ఉప్పు పెరిగినకొద్దీ ఇంకా తగ్గుతుంది. మన కోస్తా చెరువులలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

2009లో వనామీ రొయ్య సాగుకు దేశంలో అనుమతి లభించిన తరువాత పిల్లలను ఒత్తుగా వేసే పద్ధతి విస్తరించింది. ఒత్తు పెరిగినకొద్దీ రాత్రి ఖర్చు పెరుగుతుంది, తప్పును సరిదిద్దుకొనే వ్యవధి తగ్గుతుంది. ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూచుకొనడం క్షేమకరం. రైతులు డీఓ అని, పీపీఎం అని చెప్పే లెక్క ఇదే. 3 కంటే తగ్గితే రొయ్య మేత తీసుకొనదు, ఒత్తిడికి లోనై రోగాలకు సులభంగా గురి అవుతుంది. రొయ్యలు గట్టు అంచులకు, నీటి పైభాగానికి చేరినవంటే ప్రమాదం అప్పటికే ముదిరినదని అర్థం. కంటికి కనిపించే ఈ గుర్తు కంటే ముందు మేల్కొనడమే అలారం ప్రయోజనం.

క్లౌడ్ అనగా నేమి?

పేరు విని ఇది ఆకాశంలోని వస్తువని భావించనక్కరలేదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో రేయింబవళ్ళు పనిచేసే కంప్యూటర్లనే క్లౌడ్ అంటున్నారు. ఉదాహరణకు అమెజాన్ సంస్థ ఇటువంటి కేంద్రాలను 2016లో ముంబైలోను, 2022లో హైదరాబాదులోను ప్రారంభించింది. మీ పెట్టె పంపిన అంకె అటువంటి కేంద్రానికి చేరి, అక్కడ మీరు వ్రాసి పెట్టిన నియమంతో సరిపోల్చబడి, నియమం ప్రకారం ఆజ్ఞగానో సందేశంగానో తిరిగి వస్తుంది.

ఇటువంటి పరికరాలు ఎక్కువగా వాడే సందేశ విధానం పేరు ఎంక్యూటీటీ. ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్‌కు చెందిన ఆర్లెన్ నిప్పర్ దీనిని 1999లో రూపొందించినారు. ఎడారులలో సాగే చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా కనిపెట్టి ఉండుటకు, బలహీనమైన సిగ్నలు మీద కూడ చిన్న చిన్న సందేశాలు పంపుటకు ఇది ఉద్దేశింపబడినది. ఊరికి దూరంగా ఉండే చెరువు గట్టుకు ఇది సరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అలారంలో ఉండవలసిన అంశాలు

మీరు ఏ కంపెనీ పరికరం కొన్నా, దాని తెర మీద మాటలు ఎట్లున్నా, అలారం నియమంలో ఐదు అంశాలు తప్పక ఉండవలెను.

1. దేనిని కొలవవలెను: ప్రాణవాయువు ఒక్కటే చాలదు. నీటి ఉష్ణోగ్రత, మూడు ఫేజుల కరెంటు ఉన్నదా లేదా, ఏరేటరు మోటారు తీసుకొంటున్న ఆంపియర్లు, వీటిని కూడ కొలవవలెను.

2. హద్దు: ఏ అంకె వద్ద మేలుకొనవలెను.

3. వ్యవధి: ఒక్కసారి హద్దు దాటితేనే మోగవలెనా, వరుసగా కొన్నిసార్లు దాటితే మోగవలెనా.

4. చర్య: యంత్రం ఏమి చేయవలెను, ఏ మనిషికి కబురు పోవలెను.

5. ముగింపు: అలారం ఎప్పుడు, ఎవరి మాట మీద ఆగవలెను.

పరికరం కొన్న చాలామంది మొదటి రెండింటితోనే ఆగిపోతారు. మిగిలిన మూడు ఖాళీగా ఉండిపోతే ఆ అలారం కేవలం వార్త చెప్పే సాధనంగా మిగులుతుంది.

హద్దును నిర్ణయించుట

హద్దు మరీ తక్కువగా పెడితే మోగేసరికి వ్యవధి ఉండదు. మరీ ఎక్కువగా పెడితే ప్రతిరాత్రీ మోగి విసుగు పుట్టిస్తుంది. మీ చెరువుకు తగిన హద్దును తెలుసుకొనే సులభమైన లెక్క ఒకటి ఉన్నది.

ఏరేటర్లు ఆపి ఉన్న వేళలో చీకటి పడిన తరువాత ఒకసారి, రెండు గంటలు గడిచిన తరువాత మరొకసారి ప్రాణవాయువును కొలవండి. రాత్రి 7 గంటలకు 7.2, 9 గంటలకు 6.4 వచ్చినదనుకొందాము. రెండు గంటలలో 0.8, అనగా గంటకు 0.4 చొప్పున తగ్గుచున్నది. ఇదే చొప్పున తగ్గితే రాత్రి 3 గంటలకు 4కు, తెల్లవారి 5 గంటలకు 3.2కు చేరుతుంది. అనగా 3 గంటల కంటే చాలా ముందుగానే ఏరేటర్లు తిరగడం మొదలు కావలెను.

ఇప్పుడు మనిషి చేరే సమయాన్ని లెక్కించండి. ఫోను ఎత్తి, బండి తీసి, గట్టు చేరి, జనరేటరు ఆడించేసరికి గంట పడుతుందనుకొంటే, ఆ గంటలో మరో 0.4 తగ్గుతుంది. పంట ముదిరినకొద్దీ ఈ చొప్పు పెరుగుతుంది. కావున మొదటి హెచ్చరికను 5 వద్ద, యంత్రం దానంతట అది పనిచేసే హద్దును 4.5 వద్ద, అందరినీ లేపే అత్యవసర హద్దును 3.5 వద్ద పెట్టుకొనడం ఒక పద్ధతి. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ చెరువు లెక్కను బట్టి మీరు మార్చుకొనవలెను. కౌంటు పెరిగినకొద్దీ మరల సరిచూచుకొనవలెను.

ఆన్ చేసే హద్దు, ఆఫ్ చేసే హద్దు ఒకటే కారాదని కూడ గుర్తుంచుకొనండి. రెండూ 4.5 అయితే, 4.4 వద్ద మోటారు తిరిగి, 4.6 వద్ద ఆగి, మరల 4.4 వద్ద తిరిగి, రాత్రంతా ఇదే సాగుతుంది. స్టార్టరు కాలిపోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. 4.5 వద్ద ఆన్ చేసి, 5.5 దాటిన తరువాతనే ఆఫ్ చేసేటట్లు నియమం వ్రాయండి.

చర్యల వరుస

ఇక అసలు విషయానికి వచ్చెదము. అలారం మోగిన వెంటనే జరగవలసిన పనులను మెట్లు మెట్లుగా, నిమిషాలతో సహా నిర్ణయించండి.

మొదటి మెట్టు యంత్రానిది. ఐదేసి నిమిషాల వ్యవధిలో వరుసగా మూడు కొలతలు 4.5 కంటే తక్కువ వచ్చినచో, ఆగి ఉన్న ఏరేటర్లు దానంతట అవే తిరగవలెను. అన్ని మోటార్లు ఒకే క్షణంలో లేచినచో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి బ్రేకరు పడిపోగలదు, జనరేటరు ఆగిపోగలదు. కనుక ఒక్కొక్క మోటారుకు మధ్య 15 సెకన్ల ఎడం ఉంచవలెను.

రెండవ మెట్టు కాపలాదారునిది. అదే సమయాన గట్టు మీది హారను మోగవలెను, కాపలాదారుకు ఫోను కాల్ వెళ్ళవలెను. రాత్రివేళ సందేశాన్ని నమ్ముకొనరాదు. మోగే కాల్ కావలెను. అలారం కాల్ వచ్చే నెంబరును ఫోనులో ముఖ్యమైన నెంబరుగా భద్రపరచి, ఫోను మౌనంగా ఉన్నప్పుడు కూడ ఆ నెంబరు మాత్రం మోగేటట్లు అమర్చుకొనండి.

మూడవ మెట్టు యజమానిది. కాపలాదారు 10 నిమిషాలలో ‘చూచినాను’ అని మీట నొక్కనిచో కాల్ యజమానికి వెళ్ళవలెను.

నాలుగవ మెట్టు ఇరుగుపొరుగుది. మరో 10 నిమిషాలు ఎవరూ పలుకనిచో పక్క చెరువు రైతుకో, జనరేటరు నడపగల మరొకరికో కబురు అందవలెను. ఆ వ్యక్తితో మీరు ముందుగానే మాట్లాడి, తాళంచెవి ఎక్కడ ఉన్నదో చెప్పి ఉండవలెను.

ఇక్కడ ‘చూచినాను’ అనే మీట విలువను గ్రహించండి. ఇది అలారాన్ని ఆర్పే మీట కాదు. బాధ్యతను ఒక మనిషి తన మీదకు తీసుకొన్నాడని నమోదు చేసే మీట. దానిని నొక్కిన తరువాత కూడ, ప్రాణవాయువు కోలుకొనేవరకు అలారం సజీవంగానే ఉండవలెను. ‘కొంతసేపు ఆపు’ అనే సౌకర్యం ఉన్నచో దానికి 15 లేక 20 నిమిషాల గరిష్ఠ పరిమితి పెట్టండి. నిద్రమత్తులో తెల్లవారేవరకు ఆపివేసే అవకాశం ఎవరికీ ఉండరాదు.

ఆజ్ఞ వేరు, పని వేరు

ఏరేటరును ఆన్ చేయమని క్లౌడ్ పంపిన ఆజ్ఞ పెట్టెకు చేరినంత మాత్రాన ఏరేటరు తిరిగినట్లు కాదు. ఫ్యూజు పోయి ఉండవచ్చును, బెల్టు తెగి ఉండవచ్చును, ఒక ఫేజు లేకపోవచ్చును. ఫోను తెర మీద ఆకుపచ్చ గుర్తు కనబడుచునే ఉంటుంది, నీటిలో చక్రం మాత్రం కదలదు.

దీనికి మందు ఒక్కటే. మోటారు తీగపై కరెంటును కొలిచే చిన్న బిళ్ళను అమర్చి, ఆజ్ఞ వెళ్ళిన ఒక నిమిషంలోపల ఆంపియర్లు రానిచో మరొక అలారం మోగేటట్లు నియమం వ్రాయవలెను. ఆంపియర్లు మామూలు కంటే బాగా తక్కువ వచ్చినచో మోటారు భారం లేకుండ ఉత్తగా తిరుగుచున్నదని అనుమానించవలెను. అరగంట తరువాత కూడ ప్రాణవాయువు పెరగనిచో అత్యవసర మెట్టుకు పోవలెను. పని జరిగినదో లేదో చెప్పగలిగినది చివరకు నీరే.

సిగ్నలు పోయినచో, కరెంటు పోయినచో

ఈదురుగాలి, వాన వచ్చిన రాత్రి తరచుగా మూడు కలిసి వస్తాయి. కరెంటు పోతుంది, సెల్ టవరు పోతుంది, పగలంతా మబ్బు పట్టినందున ప్రాణవాయువు కూడ తక్కువగా ఉంటుంది. అలారం ఎక్కువగా అవసరమైన రాత్రే క్లౌడ్ అందుబాటులో ఉండదన్న మాట.

కావున ప్రాణాధారమైన నియమాన్ని క్లౌడ్‌లో మాత్రమే ఉంచరాదు. 4.5కు తగ్గితే ఏరేటరు తిప్పే నియమం గట్టు మీది పెట్టెలోనే ఉండవలెను. సిగ్నలు లేకున్నా అది పనిచేయవలెను. పెట్టెకు సొంత బ్యాటరీ ఉండవలెను. కరెంటు పోయినప్పుడు జనరేటరు దానంతట అది ఆడే ప్యానెలు అమర్చుకొనగలిగితే మంచిది. లేనిచో కరెంటు పోయిన మరుక్షణమే హారను మోగవలెను. యజమానికి కబురు చెప్పడం, లెక్కలు భద్రపరచడం, దూరం నుండి చూడడం, ఇవి క్లౌడ్ పనులు. చెరువును బ్రతికించడం గట్టు పని.

ఇక మౌనాన్ని కూడ హెచ్చరికగా భావించండి. ముందు చెప్పిన ఎంక్యూటీటీ విధానంలో ఇందుకొక చక్కని ఏర్పాటు ఉన్నది. దానిని లాస్ట్ విల్, అనగా వీలునామా అంటారు. పెట్టె క్లౌడ్‌తో సంబంధం కలిపేటప్పుడే, ‘నేను చెప్పకుండ మూగపోతే ఈ కబురు ఫలానావారికి అందజేయండి’ అని ఒక సందేశాన్ని ముందుగా అప్పగించి ఉంచుతుంది. నిర్ణీత కాలంలో పెట్టె పలుకనిచో క్లౌడ్ ఆ కబురును అందజేస్తుంది. మీ పరికరంలో ఈ సౌకర్యాన్ని అమలు చేసినారో లేదో డీలరును అడగండి. 15 నిమిషాలుగా కబురు లేనిచో మీకు కాల్ రావలెను. కబురు రాలేదు కనుక అంతా క్షేమమే అనుకొనడం చెరువు విషయంలో చాలా ఖరీదైన పొరపాటు.

అబద్ధపు అలారాలు

నాన్నా పులి కథ అందరికీ తెలిసినదే. నాలుగు రాత్రులు ఊరకనే మోగిన అలారాన్ని ఐదవ రాత్రి ఎవరూ పట్టించుకొనరు. కాపలాదారు విసిగి తీగ పీకివేసిన తరువాత ఎంత ఖరీదైన పరికరమైనా పనికిరాదు.

అబద్ధపు అలారాలకు ప్రధాన కారణం ప్రోబుకు పట్టే నాచు, బురద. వారానికి ఒకసారైనా మెత్తని గుడ్డతో తుడిచి, కంపెనీ చెప్పిన ప్రకారం కొలతను సరిచూచుకొనవలెను. చేతి మీటరుతో కొలిచిన అంకెతో పోల్చి చూచి పుస్తకంలో వ్రాసుకొనండి. రెండింటి మధ్య తేడా నానాటికి పెరుగుచున్నచో ప్రోబు సేవ కోరుచున్నదని తెలుసుకొనండి.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఇంకా పెద్దది. ప్రోబు చెడి, ఒకే అంకెను రాత్రింబవళ్ళు చూపుచుండవచ్చును. చెరువులో ప్రాణవాయువు పగలు పెరిగి రాత్రి తరగడం సహజం. ఆరు గంటలపాటు అంకె ఏమాత్రం కదలనిచో దానినే ఒక అలారంగా పెట్టుకొనండి.

మనిషి ప్రాణం ముందు

దానంతట అది తిరిగే యంత్రంతో ఒక ముఖ్యమైన జాగ్రత్త కలదు. కూలీ ఒకరు నీటిలో దిగి ఏరేటరు చక్రానికి చుట్టుకొన్న నాచును తీయుచున్న సమయాన, వంద మైళ్ళ దూరంలో ఉన్న యజమాని ఫోనులో మీట నొక్కవచ్చును, లేక నియమం ప్రకారం మోటారు దానంతట అదే లేవవచ్చును. రొయ్యలను కాపాడబోయి మనిషిని పోగొట్టుకొనరాదు.

ప్రతి మోటారుకు గట్టు మీదనే ‘చేతితో - ఆపు - ఆటో’ అనే మూడు స్థానాల స్విచ్చి ఉండవలెను. ‘ఆపు’ స్థానంలో ఉన్నప్పుడు క్లౌడ్ నుండి వచ్చే ఏ ఆజ్ఞ అయినా పనిచేయరాదు. నీటిలో దిగే ముందు స్విచ్చిని ఆపి, మెయిను తీసి, బోర్డుకు తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులోనే ఉండవలెను. నీటిలోనికి కరెంటు లీకయినచో సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ, సరియైన ఎర్తింగు విధిగా ఉండవలెను. ‘ఈ యంత్రం దానంతట అది తిరుగును’ అన్న బోర్డును తెలుగులోను, మీ కూలీలు చదువగల మరొక భాషలోను వ్రాయించి కట్టండి. పని ముగించి పైకి వచ్చిన తరువాత స్విచ్చిని మరల ‘ఆటో’లో పెట్టుట మరువరాదు, అది ‘ఆపు’లోనే ఉండిపోయినచో సాయంత్రానికి మీ ఫోనుకు గుర్తు చేసే సందేశం రావలెను.

అదే విధంగా చూచే హక్కు, నడిపే హక్కు వేరు వేరుగా ఇవ్వండి. లెక్కలు అందరూ చూడవచ్చును. మోటారు మీట ఇద్దరు ముగ్గురి వద్దనే ఉండవలెను. పని మానివేసిన వ్యక్తి పేరును అదే రోజు తొలగించండి. పరికరంతో వచ్చిన పాస్‌వర్డును మార్చకుండా వాడరాదు.

డీలరు మిత్రులకు

పరికరం అమ్మడంతో మీ బాధ్యత తీరదని మీకు తెలియనిది కాదు. అలారం నియమాలను, హద్దులను, చర్యల మెట్లను, ఫోను నెంబర్లను ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి, రైతు చేత చదివించి, గట్టు మీది షెడ్డులో అతికించండి. తెర మీద మాత్రమే ఉన్న నియమం కాపలాదారుకు తెలియదు.

సందేశాల విషయంలో ఒక సంగతి గమనించండి. ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లకు పంపేవారి పేరు, సందేశపు మాటల నమూనా ముందుగా నమోదు కావలెను. నమోదు లేని మాటలతో పంపిన హెచ్చరిక టెలిఫోను కంపెనీ వద్దనే ఆగిపోగలదు. నమూనాలో ఒక్క మాట మార్చినా మరల పరీక్షించి చూడండి.

క్లౌడ్ సేవ శాశ్వతమని హామీ ఇవ్వకండి. గూగుల్ సంస్థ ఇటువంటి పరికరాల కోసం నడిపిన ఐఓటీ కోర్ అనే సేవను 2023 ఆగస్టు 16న నిలిపివేసింది. దానిని వాడినవారు తమ పరికరాలను మరొక చోటికి మార్చుకొనవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ సేవకే ముగింపు ఉన్నప్పుడు, మీ కంపెనీ సేవ ఆగినచో రైతు పెట్టె ఏమగునో ముందుగానే చెప్పగలగవలెను. క్లౌడ్ లేకున్నా గట్టు మీద ఆటోగా పనిచేసే పెట్టెనే అమ్మడం మీ పేరుకు కూడ క్షేమం.

అప్పు దరఖాస్తుకు ముందు

2018-19 కేంద్ర బడ్జెటులో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని మత్స్య సాగుదారులకు, పశుపోషకులకు కూడ విస్తరింపజేసినారు. సీడు, మేత, కరెంటు వంటి పంటకాలపు ఖర్చులకు ఉద్దేశించిన అప్పు అది. ఏరేటరు, జనరేటరు, అలారం పెట్టె వంటివి పలు పంటలకు ఉపయోగపడే ఆస్తులు గనుక వాటికి టర్మ్ లోను కోరడం సమంజసం. పంట అప్పులో నుండి పరికరం కొని, మేతకు డబ్బు చాలక అధిక వడ్డీకి బయట తేవడం మంచిది కాదు. ఉప్పునీటి చెరువులు సాగు చేసేవారు 2005 చట్టం క్రింద ఏర్పడిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు పత్రాన్ని సిద్ధంగా ఉంచుకొనవలెను.

డీలరు ఇచ్చే కొటేషనులో ఈ అంశాలు విడివిడిగా ఉన్నవో లేవో చూడండి: పెట్టె ధర, ప్రోబు ధర, అదనపు ప్రోబు ధర, మొదటి సంవత్సరం తరువాత క్లౌడ్ చందా, సిమ్ ఖర్చు, కరెంటు కొలిచే బిళ్ళలు, మూడు స్థానాల స్విచ్చి, హారను, బ్యాటరీ, సంవత్సరానికి ఎన్నిసార్లు వచ్చి సరిచూచెదరు. చందా కట్టక అలారం మూగబోయిన పెట్టె మీద వాయిదాలు మాత్రం కట్టుచుండవలసిన పరిస్థితి రాకూడదు.

ఒక రాత్రి పరీక్ష

అన్నీ అమర్చిన తరువాత, నిజమైన ఆపద వచ్చేవరకు ఆగకండి. నెలకు ఒకసారి మీరే ఆపదను సృష్టించండి. ప్రాణవాయువు 6 ఉన్న సమయాన హద్దును తాత్కాలికంగా 6.5కు పెంచి చూడండి. ఏరేటర్లు ఎడం ఎడంగా లేచినవా? హారను మోగినదా? కాపలాదారు ఫోను మోగినదా? అతడు కావాలని పలుకనిచో మీకు కాల్ వచ్చినదా? ఆ తరువాత సిమ్ తీసి, క్లౌడ్ లేకుండ గట్టు పెట్టె ఒంటరిగా పనిచేయుచున్నదో లేదో చూడండి. చివరగా హద్దును మరల పాత అంకెకు తెచ్చి, సిమ్ పెట్టి, తేదీ వేసి పుస్తకంలో వ్రాయండి.

ఈ పరీక్షను పగటిపూట కాక రాత్రి 2 గంటలకు ఒకసారి చేసి చూడండి. పగలు అందరూ మెలకువగానే ఉంటారు. మీ ఏర్పాటు గట్టిదో కాదో తేల్చేది నిద్రవేళే.

ఇక్కడ రొయ్యల చెరువును ఉదాహరణగా తీసుకొన్నాము గాని, పాల శీతల కేంద్రానికైనా, మిరప నిల్వ చేసే శీతల గిడ్డంగికైనా, కోళ్ళ షెడ్డులోని ఫ్యానులకైనా సూత్రం ఇదే. ఏది కొలవవలెను, ఎప్పుడు మోగవలెను, మోగిన తరువాత యంత్రం ఏమి చేయవలెను, మనిషి ఎవరు రావలెను, ఎవరూ రానిచో తరువాత ఎవరు రావలెను. ఈ ప్రశ్నలకు జవాబులను పగటివేళ, తీరికగా, కాగితం మీద వ్రాసుకొన్న రైతుకు రాత్రివేళ నిర్ణయాలు తీసుకొనవలసిన పని ఉండదు. నేటి సాయంత్రమే ఒక కాగితం తీసుకొని మొదలుపెట్టండి. సందేహములున్నచో కొటేషనుతో సహా మీ సమీప శాఖలోని వ్యవసాయ అధికారిని సంప్రదించగలరు.